మసకబారిన పతాకము
(తెలుగు సాంస్కృతిక సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



జంషెడ్‌పూరులోని తెలుగు ఇండ్లలో సంగీతమును గూర్చిన తగవు క్రొత్తది కాదు. కదమా పేటలో గాని, సోనారిలో గాని, ఏ క్వార్టరు తలుపు తట్టినను ఇదే దృశ్యము కాననగును. ముందుగదిలో తండ్రి ఘంటసాల పాట వినుచుండును. లోపలిగదిలో కుమారుడు తలుపు వేసికొని గిటారు మ్రోతలో మునిగియుండును. "ఒరే, ఆ గోల కాస్త తగ్గించరా" అని తండ్రి కేకవేయును. "గోల కాదు నాన్నగారూ, అదీ పాటే" అని కుమారుడు బదులు పలుకును. తల్లి వంటింటినుండి వచ్చి రెండింటిని ఆపివేయుటతో ఆనాటికి తగవు ముగియును గాని తీర్పు మాత్రము వెలువడదు.

నేటి ప్రసంగమునకు విషయము ఆ తీర్పే. రాక్ సంగీతమంతటిని ఒక్క సాయంకాలమున విచారించుట సాధ్యము కాదు గనుక, ఒకే ఒక పాటను, దానికై తీసిన దృశ్యమును, ఆ దృశ్యమును గూర్చి చెలరేగిన వివాదమును తీసికొని, ఆ కుమారుని పక్షమున, అనగా అభిమాని పక్షమున, చెప్పదగిన మాటలను చెప్పుట ఇచ్చటి ఉద్దేశము. ఆ పాట పేరు 'సడ్డా హక్'. అది 2011వ సంవత్సరము నవంబరు 11వ తేదీన విడుదలయిన 'రాక్‌స్టార్' అను హిందీ చిత్రములోనిది.

ఈ పాటనే ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు. ఆ చిత్ర దర్శకుడు ఇంతియాజ్ అలీ ఈ ఊరివాడే. 1971వ సంవత్సరము జూన్ 16వ తేదీన జంషెడ్‌పూరులో జన్మించెను. ఇచ్చటి పాఠశాలలో చదువుకొనెను. బంధువులకు కరీం టాకీసు అను సినిమాహాలు ఉండుటచే బాల్యముననే వెండితెర వెలుగు ఆతని కన్నులకు అలవాటయ్యెను. ఆ పిమ్మట ఢిల్లీలోని హిందూ కళాశాలలో చదివి, బొంబాయి చేరి, 2005లో 'సోచా న థా' చిత్రముతో దర్శకుడయ్యెను. 2007లో వచ్చిన 'జబ్ వీ మెట్' ఆతనికి దేశమంతట పేరు తెచ్చెను. సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలియు ఈ ఉక్కునగరమునుండి వెలువడినవాడే రాక్ గాయకుని కథను చిత్రించుట ఈ ఊరివారికి ఆసక్తి కలిగింపదగిన సంగతి.

కథను రెండు మాటలలో చెప్పవచ్చును. ఢిల్లీలో చదువుకొనుచున్న జనార్దన్ జాఖడ్ అను అమాయక యువకుడు గొప్ప గాయకుడు కావలెనని కోరుకొనును. గుండె పగులనిదే గొంతు పలుకదని ఎవరో చెప్పగా, దుఃఖమును అంగడిలో సరుకువలె వెదకుకొనుచు బయలుదేరును. వెదకినంతకాలము అది దొరకదు. వెదకుట మానిన పిమ్మట తనంత తానే వచ్చి పట్టుకొనును. హీర్ అను కాశ్మీర యువతిపై ప్రేమ, ఆమె పరుల ఇల్లాలగుట, ఇంటినుండి వెడలగొట్టబడుట, నిజాముద్దీను దర్గాలో తలదాచుకొనుట, ఇవి ఒకదాని వెంట నొకటి జరుగును. జనార్దనుడు 'జోర్డన్' అను పేరుతో ప్రసిద్ధుడగును. కారాగారమును చూచిన పిమ్మట ఆతని కీర్తి తగ్గుటకు మాఱు పెరుగును. జోర్డన్ పాత్రను రణబీర్ కపూరు ధరించెను. ఆతని ప్రతిభను గుర్తించు వృద్ధ సన్నాయి విద్వాంసుని పాత్రలో షమ్మీ కపూరు నటించెను. చిత్రము విడుదల కాకమునుపే, 2011 ఆగస్టు 14వ తేదీన షమ్మీ కపూరు మరణించుటచే అదియే ఆయన కడపటి చిత్రమయ్యెను.

సంగీతము ఏ. ఆర్. రహమాను కూర్చినది. రహమానును తెలుగువారు పరాయివానిగా నెంచరాదు. యౌవనారంభమున ఆయన రాజ్-కోటి వంటి తెలుగు సంగీతదర్శకుల వద్ద కీబోర్డు వాయించి జీవించినవాడు. ఆ దినములలోనే మద్రాసులో మిత్రులతో కలిసి ఒక రాక్ బృందమును గూడ నెలకొల్పెను. కావున ఈ చిత్రమునందలి రాక్ ఆయనకు ఎరువు తెచ్చుకొన్న వేషము కాదు, పడుచుదనపు జ్ఞాపకము. పాటను ఇర్షాద్ కామిల్ వ్రాసెను, మోహిత్ చౌహాను పాడెను. గిటారు వాయించినది ఒరియాంతి అను ఆస్ట్రేలియా యువతి. 2009లో మైకేల్ జాక్సన్ తన కడపటి కచ్చేరీల అభ్యాసమునకు గిటారు వాయించుటకై ఎన్నుకొన్నది ఆమెనే. ఆ సంవత్సరపు ఫిలింఫేర్ బహుమతులలో ఉత్తమ సంగీతదర్శకుడు, ఉత్తమ గేయరచయిత, ఉత్తమ గాయకుడు, ఉత్తమ నటుడు అను నాలుగును ఈ చిత్రమునకే దక్కినవి.

ఇక వివాదమునకు వత్తము.

పాట దృశ్యమునందు వేదికపై జోర్డన్ గొంతెత్తి తన హక్కును అడుగుచుండును. క్రింద వేలకొలది యువజనులు చేతులెత్తి ఆతనితో కలిసి పాడుచుందురు. దృశ్యములో కొంత భాగమును హిమాచల ప్రదేశములోని ధర్మశాల సమీపమున చిత్రించిరి. 1959లో దలైలామా లాసా నగరమును విడిచి భారతదేశమున ఆశ్రయము పొందెను. మరుసటి సంవత్సరమునుండి ధర్మశాల ఆయనకును, ఆయన వెంట వచ్చిన వేలాది శరణార్థులకును నివాసమయ్యెను. ఆ ఊరి జనసమూహమును చిత్రించినపుడు వారి చేతులలోని టిబెట్టు పతాకమును చిత్రమునకెక్కెను. మంచుకొండ, రెండు మంచుసింహములు, ఉదయించు సూర్యుని కిరణములు గల పతాకమది. టిబెట్టునకు స్వేచ్ఛ కోరు మాటలును కనబడెను.

చిత్రము కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి ముందునకు వచ్చినపుడు, ఆ పతాకము స్పష్టముగా కనబడరాదని మండలి పట్టుపట్టెను. విడుదల తేదీ దగ్గరపడుచుండగా దర్శకుడు ఆ భాగమును మసక పరచి చిత్రమును విడుదల చేయవలసివచ్చెను. ధర్మశాలలోని శరణార్థులు ఇందుకు నిరసన తెలిపిరి. పత్రికలు వ్రాసినవి. పాటను మెచ్చినవారు ఒకవైపునను, మెచ్చనివారు వేరొకవైపునను నిలిచిరి.

ఈ సభలో కూర్చున్నవారిలో అనేకులు కేంద్ర ప్రభుత్వోద్యోగులు. కావున మండలి పక్షమును ముందుగా చెప్పుట న్యాయము. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము దేశ సార్వభౌమత్వము, భద్రత, శాంతి, మర్యాద, విదేశములతో స్నేహసంబంధములు మొదలైనవాటికి భంగకరమైన చిత్రమునకు ధ్రువపత్రము ఈయరాదు. విదేశ స్నేహసంబంధములను గూర్చిన మాట 1951లో జరిగిన మొదటి సవరణ ద్వారా రాజ్యాంగమున చేరినది. చిత్రములను ముందుగా పరీక్షించు పద్ధతి చెల్లునని 1970లో కె. ఏ. అబ్బాసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. టిబెట్టు స్వయంప్రతిపత్తి ప్రాంతము చైనా భూభాగములోనిదని భారత ప్రభుత్వము 2003లో అంగీకరించియున్నది. ఇన్ని సంగతులు తెలిసిన అధికారి, ఆ పతాకమును చూచి కలము ఆపుట దౌష్ట్యము కాదు. చట్టము తన చేతికిచ్చిన పనిని చేసితినని ఆయన అనుకొనియుండును. అభిమాని ఆయనను దూషించినచో వాదము బలపడదు, పలుచబడును.

శాస్త్రవాదములయందు పూర్వపక్షమును నిజాయితీతో నిలిపి, ఆ పిమ్మట సిద్ధాంతమును చెప్పుట పెద్దల మర్యాద. ఈ పాటపై పూర్వపక్షములు మూడు.

మొదటిది ముందుగదిలోని తండ్రి వాదము. రాక్ అనునది పరదేశపు రోద, మన చెవికిని మన సంప్రదాయమునకును సరిపడదు అనుట.

దీనికి సమాధానమును తెలుగు సంగీత చరిత్రయే చెప్పుచున్నది. వాయులీనము పడమటినుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు మలచినవారిలో ప్రథముడు. నూఱేండ్లు గడచిన పిమ్మట విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) దానిని చేతబట్టగా, అది పరదేశపు వాద్యమని తలచిన తెలుగువాడు ఒక్కడును లేడయ్యెను. హార్మోనియము లేని తెలుగు నాటకము ఉండెడిదా? వాద్యము ఎచ్చట పుట్టినది అనునది మొదటి తరము అడుగు ప్రశ్న. అది ఏమి పలికినది అనునది నిలిచియుండు ప్రశ్న.

ఇంకొక మాటయు కలదు. ఉక్కునగరవాసులకు ఈ సంగీతమును పరాయిదని త్రోసివేయు అధికారము ఇతరులకంటె తక్కువ. రాక్‌లో మిక్కిలి కఠినమైన శాఖను ఇనుపపేరుతోనే పిలుతురు. దానికి మూలపురుషుడని చెప్పదగిన టోనీ అయోమీ, ఇంగ్లండులోని బర్మింగ్‌హాము అను కార్ఖానాల నగరమున రేకుల కార్ఖానాలో పనిచేసిన బాలుడు. 1965లో, పదునేడేండ్ల ప్రాయమున, యంత్రములో పడి ఆతని కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయినవి. తీగలను నొక్కు చేయి అదియే. ఆతడు గిటారు మానలేదు. ప్లాస్టిక్కు సీసాను కరగించి, వ్రేళ్లకు తొడుగులు చేసికొని, తీగలను వదులు చేసి వాయించెను. ఆ వదులు తీగలనుండి వచ్చిన బరువైన నాదమే ఒక క్రొత్త సంగీతమునకు ఆధారమయ్యెను. కార్ఖానా కూతతో నిద్రలేచి, వేళ్లు కోల్పోయిన పనివారిని పేరు పేరున ఎఱిగిన ఊరిలో ఈ కథకు వ్యాఖ్యానము అక్కఱలేదు. యంత్రముల నడుమ పుట్టిన నాదము ఇంపుగా ఉండనేరదు. నిజముగా ఉండగలదు.

రెండవ పూర్వపక్షము ప్రభుత్వ పక్షము. పొరుగు దేశముతో సంబంధము చెడునట్టి గుర్తును తెరపై చూపుట తగదు అనుట.

అభిమాని సమాధానమిది. పాస్‌పోర్టుపై ముద్ర వేసిన గుమాస్తా ప్రయాణికుని అభిప్రాయములకు బాధ్యుడు కాడు. అట్లే, చిత్రమునకు ధ్రువపత్రమిచ్చిన ప్రభుత్వము చిత్రములోని ప్రతి దృశ్యమును తన నోటిమాటగా చేసికొన్నట్లు కాదు. చిత్రము ఒక పౌరుని పలుకు, రాయబారి పలుకు కాదు. పైగా ఆ పతాకము దర్శకుడు కల్పించినది కాదు. ధర్మశాల వీధులలో ఏ యాత్రికుడైనను దానిని పగటి వెలుగులో చూడవచ్చును. అతిథికి నీడ యిచ్చి, ఆతని బిడ్డలకు బడి యిచ్చి, ఆతని దేవునికి గుడి యిచ్చి, ఆతని చేతిలోని గుడ్డముక్కను మాత్రము ఛాయాచిత్రమున చెఱిపివేయుట ఆతిథ్యమునకే వెలితి. ఈ దేశము 1959లో చేసిన ఔదార్యము ఎన్నదగినది. దానిని దాచవలసిన అవసరము లేదు.

న్యాయస్థానపు మాటయు ఈ వైపునకే మొగ్గుచున్నది. 1989లో ఎస్. రంగరాజన్ వ్యాజ్యమున, ఒక తమిళ చిత్రమును గూర్చి సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, భావప్రకటనను అడ్డవలెనన్నచో ప్రమాదము దూరపు ఊహగా నుండరాదనియు, మందుగుండు పీపాయిలో పడిన నిప్పురవ్వవలె ఆ పలుకునకును ప్రమాదమునకును విడదీయరాని సంబంధము ఉండవలెననియు నిర్ణయించెను. పాటలో కొన్ని క్షణములు కనబడిన పతాకము ఏ మందుగుండుపై పడిన నిప్పురవ్వ? 2011లో ఇట్టి ప్రశ్నను వినుటకు చిత్ర ధ్రువీకరణకు ప్రత్యేకమైన అప్పీలు న్యాయమండలి ఒకటి ఉండెను. 2021లో దానిని తీసివేయుటచే ఇప్పుడు ఉన్నత న్యాయస్థానమునకే పోవలసియున్నది. విడుదల తేదీ మెడపై కత్తివలె వ్రేలాడు నిర్మాతకు ఏ న్యాయస్థానమైనను దూరమే. కావుననే ఇట్టి తగవులు తీర్పుతో ముగియక, రాజీతో ముగియుచున్నవి.

మూడవ పూర్వపక్షము మిక్కిలి బలమైనది. ఇది రసికుల వాదము, విమర్శకుల వాదము. వారిట్లందురు: "జోర్డన్ అడుగుచున్న హక్కు ఏది? ఆతని కష్టము పరుల ఇల్లాలిని ప్రేమించిన కష్టము. ఆతనిని ఎవ్వరును దేశమునుండి వెడలగొట్టలేదు. ఆతని భాషను ఎవ్వరును నిషేధింపలేదు. అట్టివాడు గిటారు పట్టుకొని అరచుచుండగా, వెనుక శరణార్థుల పతాకమును నిలుపుట, పరుల దుఃఖమును తన కోటుపై బొత్తామువలె కుట్టుకొనుట కాదా?"

ఇచ్చట అభిమాని తొందరపడరాదు. ఈ విమర్శలో సత్యాంశము కలదని ఒప్పుకొనవలెను. జోర్డన్‌కు తన హక్కు పేరేమో తెలియదు. కోపము మాత్రము తెలియును. చిత్రమంతయు చూచినను ఆ పేరు దొరకదు. ఐనను పాటకు ప్రాణము ఆ తెలియమిలోనే యున్నది.

బుఱ్ఱకథను ఎఱిగిన తెలుగువారికి దీనిని బోధపరచుట సులభము. బుఱ్ఱకథలో ముగ్గురుందురు. నడుమ కథకుడు. ఆతడు బొబ్బిలి కథనో, పలనాటి కథనో చెప్పును. ఒక ప్రక్క హాస్యపు వంత. వేరొక ప్రక్క రాజకీయ వంత. కథకుడు ఎప్పటి రాజునో, ఎప్పటి యుద్ధమునో చెప్పుచుండగా, రాజకీయ వంత నడుమ కల్పించుకొని, ఆ మాట నేటి పన్నునకో, నేటి కఱవునకో, నేటి అధికారికో తగులునట్లు చేయును. కథకుని కథ ప్రాతది. వంత మాట నేటిది. రెండును కలిసినపుడే సభ కదలును. పద్మశ్రీ షేక్ నాజరు కథ చెప్పినపుడు జనులు రాత్రియంతయు కదలక కూర్చుండుటకు కారణము ఈ కూర్పే.

'సడ్డా హక్' దృశ్యమునందు జోర్డన్ కథకుడు. ఆతని కథ ఆతని స్వంత గాయము. పతాకము పట్టిన జనసమూహము రాజకీయ వంత. గాయకుడు 'మా హక్కు' అనును గాని ఆ హక్కు ఏదో చెప్పడు. చెప్పనందుననే, వినుచున్న ప్రతివాడును తన హక్కును అందులో నింపుకొనును. శరణార్థి తన ఊరిని నింపుకొనును. నిరుద్యోగి తన కొలువును నింపుకొనును. పాట గాయకుని స్వార్థమును దాటి, విన్నవారి సొత్తగు ఘడియ అది. ఆ ఘడియకు కంటికి కనబడు సాక్ష్యము ఆ పతాకము.

ఇప్పుడు మసక పరచుటవలన ఏమైనదో చూడుడు. వంతను నోరు మూయించి కథకుని మాత్రము మిగిల్చిరి. పతాకము చెఱగిపోగా, మిగిలినది ప్రేమ విఫలమైన యువకుని అలుక మాత్రమే. అనగా విమర్శకులు ఏ దోషమును ఈ పాటపై మోపుచున్నారో, ఆ దోషమును మసకయే పాటకు తెచ్చిపెట్టెను. పతాకమున్న పాట బోలుగా లేదు. పతాకము తీసిన పాట బోలుగా కనబడును. ఈ ప్రసంగమున చెప్పదలచిన సంగతి ప్రధానముగా ఇదియే.

హక్కు అను మాటను గూర్చి రెండు ముక్కలు చెప్పుట అప్రస్తుతము కాదు. పాటలోని ఆ మాటకు తెలుగువారికి అనువాదము అక్కఱలేదు. అరబ్బీలో పుట్టి, పారసీకము ద్వారా దక్కనునకు వచ్చి, తెలుగు దస్తావేజులలో స్థిరపడి, నేడు పొలము గట్టుపై పోట్లాడుకొను రైతు నోట గూడ వినబడుచున్నది. అరబ్బీలో దానికి 'స్వత్వము' అను అర్థముతో పాటు 'సత్యము' అను అర్థమును కలదు. అది భగవంతుని నామములలో నొకటి. 'నేనే సత్యము' అనుచు ఆ మాటనే పలికిన సూఫీ మన్సూర్ హల్లాజును 922వ సంవత్సరమున బాగ్దాదులో చంపించిరి. దర్గాలో నేల ఊడ్చి, రాత్రులు ఖవ్వాలీ పాడి, ఆ పిమ్మట వేదికనెక్కిన జోర్డన్ నోట ఆ మాట వచ్చుటలో ఈ రెండర్థములును ధ్వనించుచున్నవి.

తెలుగువారికి ఆ మాట మఱియొక విధముగను తెలియును. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అను నినాదము ఆంధ్రదేశమంతట మ్రోగెను. అమృతరావు నిరాహారదీక్ష పూనెను. కాల్పులలో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1970లో కేంద్ర ప్రభుత్వము విశాఖ కర్మాగారమును ప్రకటించెను. ఉక్కుకై కన్నవారిని, ఊరిని విడిచి టాటానగరము చేరిన కుటుంబములకు ఆ నినాదము ఎంత లోతుగా తాకెనో వేరుగా చెప్పనక్కఱలేదు. ఆనాడు ఆ నినాదమును కేక వేసినవారిలో ప్రతివాడును ఇనుము కరగించు విద్య తెలిసినవాడు కాడు. విద్యార్థి తన కాబోవు కొలువును, వర్తకుడు తన అంగడిని, రైతు తన బిడ్డను ఆ రెండు మాటలలో చూచుకొనెను. నినాదము బలము అది. గొప్ప పాట బలమును అదియే.

రాక్ సంగీతమునకు ఈ బలము క్రొత్తగా వచ్చినది కాదు. 1969 ఆగస్టులో అమెరికాలోని వుడ్‌స్టాక్ ఉత్సవమున జిమీ హెండ్రిక్సు గిటారుపై తన దేశపు జాతీయగీతమునే వాయించెను. నడుమ నడుమ బాంబుల ఈలలు, ప్రేలుళ్లు తీగలపై పలికించెను. వియత్నాము యుద్ధపు దినములవి. అవమానమని కొందఱు మండిపడిరి. కాని హెండ్రిక్సు ఒకప్పుడు ఆ దేశ సైన్యమున పారాచూటు దళములో పనిచేసినవాడు. ఆతడు ఒక్క మాటయు చేర్చలేదు. విన్నవారే అర్థమును చేర్చుకొనిరి.

అంతకంటె దగ్గఱి నిదర్శనము, ఈ చిత్రములో కొంత కథ జరిగిన ప్రాగ్ నగరముననే కలదు. 1976లో ఆనాటి చెకోస్లొవేకియా ప్రభుత్వము 'ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్' అను రాక్ బృందమును బంధించి విచారించెను. వారు రాజకీయ నాయకులు కారు. జుట్టు పెంచుకొని తమకు తోచిన పాట పాడుకొనువారు. కాని, పాట పాడుకొను హక్కు పోయినచోట ఏ హక్కును నిలువదని గ్రహించిన నాటకకర్త వాత్స్లావ్ హావెల్ మొదలగువారు 1977లో 'చార్టర్ 77' అను హక్కుల ప్రకటనను వెలువరించిరి. ఆ హావెలే 1989 చివర ఆ దేశాధ్యక్షుడయ్యెను. తమ హక్కు పేరు తెలియని పిల్లల పాట ఒక దేశమునకు తన హక్కు పేరు తెలిపెను. జోర్డన్‌కు తన హక్కు పేరు తెలియదని నవ్వువారు ఈ చరిత్రను తలచుకొనదగును.

పరదేశపు మాట లెందులకు? తెలుగునాట 1920 దశకమున గరిమెళ్ళ సత్యనారాయణ ఒక పాట వ్రాసి వీధి వీధిని పాడినందులకు చెఱసాల పాలయ్యెను. తెలుగు రాని ఆంగ్ల కలెక్టరు ఆయనచేత ఆ పాటను పాడించుకొని, మాటలు బోధపడకున్నను దాని బలము బోధపడినదని అనెనని పెద్దలు చెప్పుకొనెడివారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'రైతుబిడ్డ' చిత్రము జమీందారుల ఆగ్రహమునకు గురియై నిషేధమును చవిచూచెను. నేడు ఆ పాటను పాఠ్యపుస్తకములలో చదివించుచున్నారు. ఆ చిత్రమును తెలుగు సినిమాకు గర్వకారణమని వ్రాయుచున్నారు. అడ్డినవారి పేర్లు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము లేవు. కాలము మసకను తుడిచివేయును గాని, అంతవఱకు ఒక తరము మసకలోనే చూడవలసివచ్చును.

ఇంత చెప్పినను, అభిమాని ఒప్పుకొనవలసిన లోపములు మిగిలియే యున్నవి. చిత్రములో జోర్డన్ తనవారిపట్ల కఠినుడు. ఆతని కోపమునకు గుఱియైన పాత్రికేయుడు, పోలీసు, మిత్రుడు, అందఱును దోషులు కారు. కోపమునే ప్రతిభ యనుకొను పిల్లలకు ఈ చిత్రము తప్పుదారి చూపునేమో యను తల్లిదండ్రుల భయము నిర్హేతుకము కాదు. గిటారు పట్టినవాడెల్ల జోర్డన్ కాడు. తలుపు వేసికొన్నవాడెల్ల కళాకారుడు కాడు. కాని ఈ లోపములకు మందు చర్చ. మసక మందు కాదు. మసక పరచిన దృశ్యమును గూర్చి తండ్రి కుమారునితో చర్చింపలేడు. ఎందుకనగా అచ్చట చర్చించుటకు ఏమియు కనబడదు.

ఇంతియాజ్ అలీ ఈ విషయమును అంతటితో విడువలేదు. 2024లో 'అమర్ సింగ్ చమ్‌కీలా' అను చిత్రమును తీసెను. చమ్‌కీలా పంజాబు పల్లెలలో పాడిన నిజమైన గాయకుడు. ఆతని పాటలు అసభ్యములని నిందించినవారును, ఆ పాటలకే వేలకొలదిగా గుమిగూడినవారును ఒకే ఊరివారు. 1988 మార్చి 8వ తేదీన ఆతనిని, ఆతని భార్యయు సహగాయనియు నగు అమర్‌జోత్‌ను మెహ్‌సాంపూరు గ్రామమున తుపాకులతో కాల్చి చంపిరి. ఆ చిత్రమునకును సంగీతము రహమానుదే, పాటలు ఇర్షాద్ కామిల్‌వే. 'సడ్డా హక్' ముగిసిన పదుమూడేండ్లకు ఆ ముగ్గురును మఱల కలిసి, అదే ప్రశ్నను ఇంకను నిశితముగా అడిగిరి: పాటను మెచ్చకపోవుటకు వినువానికి హక్కు కలదు, సరే. పాడువాని నోరు మూయుటకు ఎవ్వరికి హక్కు కలదు?

సభాసదులారా! ప్రభుత్వోద్యోగి జీవితమంతయు కాగితములపై ముద్రలతో గడచును. ఏ కాగితమును పంపవలెనో, దేనిని ఆపవలెనో నిర్ణయించు క్షణము ప్రతి బల్లయొద్దను వచ్చుచునే యుండును. ఆపుట సులభము, క్షేమము. పంపుటకు కొంత ధైర్యము కావలెను. కావున ఈ వివాదము ఎక్కడో బొంబాయిలో జరిగిన సినిమా గొడవ కాదు. ఏదో ఒక రూపమున ఇది ప్రతి కార్యాలయమునందును నడచునదే.

ఇక ఆ కదమా ఇంటి తగవునకు తీర్పు. తండ్రి ఘంటసాలను విడువనక్కఱలేదు. కుమారుడు గిటారును విడువనక్కఱలేదు. ఒక్క సాయంకాలము తండ్రి లోపలిగది తలుపు తట్టి, కుమారుని ప్రక్కన కూర్చుండి, ఈ పాట దృశ్యమును మొదటినుండి తుదివఱకు చూచుట మంచిది. మసకబారిన ఆ చోటు వచ్చినపుడు "అక్కడేముందిరా?" అని అడుగుట మంచిది. కుమారుడు ధర్మశాలను గూర్చి, 1959ని గూర్చి చెప్పును. తండ్రి 1966ని గూర్చి, తన తండ్రి చెప్పిన ఉక్కు మాటను గూర్చి చెప్పును. ఆనాటికి ఆ ఇంటి తగవు తీరినట్లే. తెరపై మసకబారిన పతాకము ఆ ఇరువురి నడుమ స్పష్టముగా కనబడును.

స్వస్తి.